సూపర్ ఫ్లై (1972): కర్టిస్ మేఫీల్డ్ ఆల్బమ్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

అసలు ఏమిటీ ఆల్బమ్?

చికాగోకి చెందిన గాయకుడు, గిటారిస్టు, పాటల రచయిత కర్టిస్ మేఫీల్డ్ 1972 జులైలో తెచ్చిన ఆల్బమ్ ఇది. తొమ్మిది ట్రాకులు, వాటిలో రెండు వట్టి వాద్య సంగీతం. మొత్తం వినడానికి సుమారు 37 నిమిషాలు పడుతుంది. అదే పేరుతో ఆగస్టులో విడుదలైన సినిమా కోసం చేసిన పాటలివి. న్యూయార్క్‌లో నల్లజాతివారు ఎక్కువగా ఉండే హార్లెమ్‌లో కొకైన్ అమ్ముకునే ఒకడు చివరిగా ఒక పెద్ద బేరం కుదుర్చుకుని ఆ బతుకులోంచి బయటపడాలని చూడటం ఆ సినిమా కథ.

సినిమా అతన్ని హీరోని చేసింది. పాటలు మాత్రం అతని పక్కన నిలబడవు. ఏ సినిమా కోసం రాశారో ఆ సినిమాతోనే పోట్లాడే పాటలు ప్రపంచంలో ఎక్కువ లేవు. ఈ ఆల్బమ్ యాభై ఏళ్లు దాటినా నిలబడిందంటే సగం కారణం ఆ పోట్లాటే అని నా అభిప్రాయం.

సోల్, ఫంక్ అంటే ఏమిటో తెలియదు. వినగలనా?

వినొచ్చు. రెండూ అమెరికా నల్లజాతివారి సంగీతాలు. సోల్‌లో గొంతు ముఖ్యం. చర్చి పాటల్లోని ఆర్తిని తెచ్చి ప్రేమ గురించో బతుకు గురించో పాడతారు. ఫంక్‌లో తాళం ముఖ్యం. 1960ల నడుమ జేమ్స్ బ్రౌన్ బృందం దాన్ని గట్టిపరిచింది. తాళంలో మొదటి దెబ్బ మీద బరువంతా పెట్టి, బేస్ (మంద్రంగా పలికే గిటార్), డ్రమ్స్, గిటార్ చిన్న చిన్న ముక్కల్ని ఒకదాంట్లో ఒకటి ఇరికించి తిప్పుతూ ఉంటాయి. ఈ ఆల్బమ్‌లో పైన సోల్, కింద ఫంక్. మేఫీల్డ్ సన్నని దొంగ గొంతులో (ఫాల్సెట్టో), దాదాపు బతిమాలుతున్నట్టు పాడుతుంటాడు. కింద బేస్ మాత్రం ఎవరి మాటా వినకుండా తన దారిన నడుస్తుంది.

కర్టిస్ మేఫీల్డ్ ఎవరు?

1942 జూన్ 3న చికాగోలో పుట్టాడు. పేద కుటుంబం. టీనేజ్‌లో ఉండగా ఇంటిల్లిపాదీ కాబ్రిని గ్రీన్ అనే ప్రభుత్వ గృహ సముదాయానికి మారారు. నాయనమ్మ ఒక చిన్న చర్చి నడిపే బోధకురాలు. అతను పాట నేర్చుకున్నది అక్కడే, జెర్రీ బట్లర్‌తో స్నేహం కలిసిందీ అక్కడే. ఇద్దరూ చేరిన ఇంప్రెషన్స్ బృందానికి 1958లోనే మొదటి హిట్ వచ్చింది. తర్వాత బట్లర్ విడిగా వెళ్లిపోతే బృందం బరువు మేఫీల్డ్ మీద పడింది.

1964లో ‘కీప్ ఆన్ పుషింగ్’, 1965లో ‘పీపుల్ గెట్ రెడీ’ రాశాడు. పౌరహక్కుల ఉద్యమంలో ఊరేగింపుల్లో, సభల్లో పాడుకున్న పాటలు ఇవి. వినడానికి భక్తి పాటల్లా ఉంటాయి, అందుకే రేడియోలు అభ్యంతరం లేకుండా వేశాయి. 1967 చివర్లో వచ్చిన ‘వియ్ ఆర్ ఎ విన్నర్’లో ఆ ముసుగు తీసేశాడు. నల్లవాళ్లని ఉద్దేశించి నేరుగా, తలెత్తుకు నడవమని పాడాడు. కొన్ని స్టేషన్లు దాన్ని వేయడానికి ఒప్పుకోలేదు.

1970లో ఇంప్రెషన్స్ నుంచి బయటికొచ్చి సొంతంగా పాడటం మొదలుపెట్టాడు. అంటే ‘సూపర్ ఫ్లై’ నాటికి అతను కొత్తవాడేం కాదు. ముప్పై ఏళ్ల మనిషి, పదిహేనేళ్ల సర్వీసు.

ఈ సినిమా పని అతని చేతికి ఎలా వచ్చింది?

న్యూయార్క్ లింకన్ సెంటర్‌లో కచేరీ చేసినప్పుడు రచయిత ఫిలిప్ ఫెంటీ, నిర్మాత సిగ్ షోర్ తెర వెనక్కి వచ్చి స్క్రిప్ట్ ఇచ్చారు. 1971లో వచ్చిన ‘షాఫ్ట్’ సినిమాకి ఐజాక్ హేస్ పాటలు పెద్ద హిట్. ప్రధాన గీతానికి 1972 ఏప్రిల్‌లో ఆస్కార్ కూడా వచ్చింది. కాబట్టి నల్లజాతి హీరో ఉన్న సినిమాకి ఒక గట్టి సంగీత దర్శకుడు కావాలని అందరికీ తెలిసిపోయింది. పైగా ‘షాఫ్ట్’ తీసిన గోర్డన్ పార్క్స్ కొడుకు, గోర్డన్ పార్క్స్ జూనియరే దీనికి దర్శకుడు.

స్క్రిప్ట్ చదివినప్పుడు మేఫీల్డ్‌కి నచ్చింది, వెంటనే రాయడం మొదలుపెట్టాడు. తెర మీద చూశాక ఇబ్బంది పడ్డాడు. కాగితం మీద ఒక మనిషి బతుకుపోరాటంలా కనిపించింది తెర మీదకొచ్చేసరికి కొకైన్‌కి ప్రచార చిత్రంలా తయారైందని ఇంటర్వ్యూల్లో చెప్పేవాడు. పని వదిలేసి పోలేదు. ఆ చిత్రం చెప్పనిది పాటల్లో చెప్పాడు.

సినిమాతో పోట్లాడాడు అంటున్నారు. ఒక్క ఉదాహరణ చెప్పండి.

‘ఫ్రెడ్డీస్ డెడ్’. ఈ ఒక్క పాట అర్థమైతే ఆల్బమ్ మొత్తం అర్థమైనట్టే.

సినిమాలో ఫ్యాట్ ఫ్రెడ్డీ చిన్న పాత్ర. హీరో ప్రీస్ట్ కింద పనిచేస్తూ అతనికి డబ్బు బాకీ పడతాడు. కట్టకపోతే నీ పెళ్లాన్ని రోడ్డు మీద నిలబెట్టి సంపాదిస్తానని ప్రీస్ట్ బెదిరిస్తాడు. హీరో చేసే పని అది! తర్వాత ఫ్రెడ్డీని పోలీసులు పట్టుకుని చావబాదుతారు, నోరు విప్పుతాడు, పారిపోబోతూ కారు కింద పడి చనిపోతాడు. కథ అక్కడ ఆగదు, ప్రీస్ట్ బేరం ఏమవుతుందా అని ముందుకి పోతుంది. చూసేవాళ్లకి కూడా ఫ్రెడ్డీ గుర్తుండడు.

మేఫీల్డ్ ఆల్బమ్ నుంచి మొదటి సింగిల్‌గా (విడిగా అమ్మే పాటగా) ఫ్రెడ్డీ పాటనే బయటికి వదిలాడు. హీరో మీద కాదు, హీరోయిన్ మీద కాదు, సినిమా పట్టించుకోని మనిషి మీద. ఫ్రెడ్డీని అందరూ వాడుకున్నారని, ఇప్పుడు అందరూ భుజాలు ఎగరేసి ఊరుకుంటున్నారని పాడతాడు. అందరూ అన్నప్పుడు అందులో పోలీసులే కాదు, ప్రీస్ట్ కూడా ఉన్నాడు. వింటున్న మనమూ ఉన్నామేమో. పైన వయొలిన్లు ఏడుపు మొహం పెట్టకుండా గంభీరంగా సాగుతుంటే, గిటార్ వావా పెడల్‌తో (కాలితో తొక్కి శబ్దాన్ని మార్చే పరికరం) గొణుగుతూ ఉంటుంది. డాన్స్ చేయించే పాటే. చనిపోయినవాడి పేరు మీద జనం డాన్స్ చేశారు. పాప్ చార్ట్‌లో 4వ స్థానం వరకూ వెళ్లింది.

తమాషా ఏంటంటే సినిమాలో ఈ పాట వాద్య సంగీతంగానే వినిపిస్తుంది, మాటలు ఉండవు. ప్రీస్ట్ కారులో తిరుగుతుంటే బ్యాక్‌గ్రౌండ్‌లో స్టైల్‌గా మోగుతుంది. మాటలు సినిమాలో లేవు కాబట్టి ఆస్కార్ పోటీకి అర్హత కూడా లేకపోయింది.

పాటలు సినిమా కంటే ముందే వచ్చాయా? ఎందుకు?

అవును, కొన్ని వారాల ముందు. మనకిది వింతేమీ కాదు, క్యాసెట్ల కాలం నుంచీ పాటలు ముందు ఊరంతా తిరిగి, ఆ తర్వాతే సినిమా వచ్చేది. అమెరికాలో అప్పటికి అంత మామూలు పద్ధతి కాదు. దీనివల్ల ఒక పెద్ద మేలు జరిగింది. థియేటర్‌కి వెళ్లేటప్పటికే జనానికి ఫ్రెడ్డీ చచ్చిపోతాడని తెలుసు, అతని గురించి ఏమనుకోవాలో కూడా మేఫీల్డ్ చెప్పేశాడు. సినిమా తీసినవాళ్లు చెప్పకముందే.

ఆల్బమ్ అక్టోబర్‌లో బిల్‌బోర్డ్ పాప్ చార్ట్‌లో మొదటి స్థానానికి చేరి నాలుగు వారాలు అక్కడే ఉంది. టైటిల్ పాట కూడా టాప్ 10లోకి వచ్చింది.

‘పుషర్‌మాన్’ వింటే మత్తుమందు అమ్మేవాణ్ని పొగుడుతున్నట్టే ఉంది కదా?

ఉంది. అలా ఉండాలనే చేశాడు.

ఈ పాటలో వయొలిన్లు లేవు, బాకాలు లేవు. జోసెఫ్ ‘లక్కీ’ స్కాట్ బేస్, ‘మాస్టర్’ హెన్రీ గిబ్సన్ కాంగాలు (చేతులతో వాయించే పొడవాటి డ్రమ్ములు), గిటార్, డ్రమ్స్, అంతే. మేఫీల్డ్ చెవిలో చెప్పినట్టు పాడతాడు. అమ్మేవాడు తనని తాను పరిచయం చేసుకుంటాడు: అమ్మలాంటివాణ్ని, నాన్నలాంటివాణ్ని, అవసరానికి డాక్టర్‌లాంటివాణ్ని అన్న ధోరణిలో. అప్పు వసూలుకి వచ్చి ముందు పిల్లల చదువుల గురించి ఆప్యాయంగా అడిగే వడ్డీ వ్యాపారి ఉంటాడే, ఆ గొంతు. ఎక్కడా అరవడు, బెదిరించడు. చెడు మీద పాట రాయాలంటే చాలామంది దాన్ని వికృతంగా చూపిస్తారు. అంత వికృతంగా ఉంటే దాని వలలో ఎవరు పడతారు? పడేంత అందంగా ఉంటుందని చూపించడమే ఈ పాట చేసిన పని.

సినిమాలో ఒక క్లబ్ సీన్‌లో మేఫీల్డ్, అతని బృందం స్వయంగా కనిపించి ఇదే పాడతారు. ఇంకో చోట ఇదే పాట మీద, కొకైన్ తూచడం, కలపడం, చేతులు మారడం, రకరకాల జనం పీల్చడం, అన్నీ కదలని ఫోటోలుగా వరసగా వస్తాయి. సినిమాలో అన్నిటికంటే బాగా తీసిన ఘట్టం ఇది. అన్నిటికంటే ప్రమాదకరమైనదీ ఇదే. ఇక్కడ మాత్రం పాట ఓడి, బొమ్మ గెలిచిందనే నేను అంటాను.

మిగతా పాటల సంగతి?

‘లిటిల్ చైల్డ్ రన్నిన్ వైల్డ్’తో మొదలవుతుంది. ‘ఘెట్టో చైల్డ్’ అని అంతకుముందే రాసుకున్న పాటని మార్చి చేశాడు. తండ్రి లేని ఇంట్లో పెరిగిన పిల్లవాడు వీధిన పడటం గురించి. కథ ప్రీస్ట్‌తో కాకుండా పిల్లవాడితో మొదలవ్వడం గమనించండి.

‘ఎడ్డీ యూ షుడ్ నో బెటర్’ ప్రీస్ట్ పార్ట్‌నర్ గురించిన చిన్న పాట, తిట్టినట్టు కాకుండా ఇంట్లో పెద్దవాళ్లు బాధపడుతూ అన్నట్టు ఉంటుంది. ‘నో థింగ్ ఆన్ మి’ నేరుగానే చెప్పేస్తుంది: నాకు మత్తు అక్కర్లేదు, బతికుండటమే నాకు కిక్కు అని. నిజం చెప్పాలంటే తొమ్మిదింటిలో కాస్త ఉపన్యాసంలా ఉండేది ఇదొక్కటే, కానీ బాణీ అంత ఉల్లాసంగా ఉంటే క్షమించేయొచ్చు. ‘గివ్ మి యువర్ లవ్’ ప్రేమ ఘట్టానికి, ‘జంకీ చేజ్’ పరుగుల ఘట్టానికి. ‘థింక్’ వాద్య సంగీతం, ప్రశాంతంగా ఉంటుంది. రాత్రిపూట వినండి.

చివర్లో టైటిల్ పాట. బేస్ ముందు వస్తుంది, బాకాలు వెనక. ప్రీస్ట్‌ని మెచ్చుకుంటున్నాడో, జాలిపడుతున్నాడో తేల్చి చెప్పడు. ఆట ఆడేవాడు తనకి ఆట మీద పట్టు ఉందనుకుంటున్నాడు గానీ, నిజంగా ఉందా అన్న అనుమానం పాటంతా నడుస్తుంది.

సినిమా మీద అంత గొడవ ఎందుకు జరిగింది?

ఎందుకంటే చివర్లో ప్రీస్ట్ గెలుస్తాడు. వెనకుండి అంతా నడిపించేది ఒక తెల్లజాతి పెద్ద పోలీసు అధికారి అని తేలుతుంది, ప్రీస్ట్ అతని మొహం మీదే నాలుగు మాటలని డబ్బుతో కారెక్కి వెళ్లిపోతాడు. హార్లెమ్ థియేటర్లలో ఈలలు పడ్డాయంటే ఆశ్చర్యం లేదు. తెల్ల పోలీసు ముందు నల్లవాడు గెలవడం అప్పటిదాకా తెర మీద ఎంతమంది చూశారు?

కానీ అదే హార్లెమ్‌లో హెరాయిన్, కొకైన్ ఇళ్లు ఖాళీ చేస్తున్న రోజులవి. 1971 జూన్‌లో అధ్యక్షుడు నిక్సన్ మత్తుమందుల వాడకాన్ని దేశానికి ఒకటో నంబర్ శత్రువని ప్రకటించాడు. ఎన్‌ఏఏసీపీ, కోర్ లాంటి పౌరహక్కుల సంఘాలు ఈ తరహా సినిమాల మీద విరుచుకుపడ్డాయి. ఎన్‌ఏఏసీపీ హాలీవుడ్ శాఖకి చెందిన జూనియస్ గ్రిఫిన్ వీటికి ‘బ్లాక్స్‌ప్లాయిటేషన్’ (నల్లవాళ్లని వాడుకుని సొమ్ము చేసుకోవడం) అని పేరు పెట్టాడు, అది అలాగే స్థిరపడింది.

ఇంకోవైపు వాదన కూడా తేలిగ్గా కొట్టేయలేం. తక్కువ డబ్బుతో, అందులో కొంత నల్లజాతి పెట్టుబడితో, హార్లెమ్ వీధుల్లోనే, చాలామంది నల్లజాతి టెక్నీషియన్లతో తీసిన సినిమా ఇది. స్మగ్లర్‌ని హీరోగా చూపిస్తే కుర్రాళ్లు చెడిపోతారా అని మన దగ్గర కూడా ప్రతి రెండేళ్లకీ ఒకసారి టీవీలో చర్చ పెడతారు. అక్కడ తేలలేదు, ఇక్కడా తేలదు. మేఫీల్డ్ చేసింది మాత్రం మూడో పని. నిషేధించమనలేదు, సమర్థించలేదు, దాని లోపలే కూర్చుని జవాబు రాశాడు.

సంగీతంలో ప్రత్యేకంగా ఏం వినాలి?

మొదట గిటార్. మేఫీల్డ్‌కి ఎవరూ నేర్పలేదు. ముందు పియానో మీద నల్ల మెట్లు మాత్రమే వాయించడం అలవాటైంది కాబట్టి, గిటార్ దొరికాక దాని తీగల్ని కూడా ఆ నల్ల మెట్లకే శ్రుతి చేసుకున్నాడు. ఎఫ్ షార్ప్‌ని సా అనుకుంటే అతని ఆరు తీగలూ సా, గా, పాలలోనే ఉంటాయి. ఏమీ నొక్కకుండా ఊరికే మీటినా ఒక తీయని కార్డ్ (కలిసి పలికే స్వరాల గుత్తి) పలుకుతుంది. నల్ల మెట్లని ఎఫ్ షార్ప్ నుంచి వరసగా వాయిస్తే మన మోహన స్వరాలే వస్తాయని కీబోర్డ్ ఉన్నవాళ్లు సరిచూసుకోవచ్చు. ఈ శ్రుతి వల్ల మామూలు గిటారిస్టులు అతని వరసల్ని అనుకరించబోతే వేళ్లు తడబడతాయి. ఫంక్ గిటార్ సాధారణంగా కోసినట్టు ఉంటుంది, ఇతనిది తడిమినట్టు ఉంటుంది.

తర్వాత వాద్యబృందం. ఆర్కెస్ట్రా ఏర్పాట్లు చేసింది జానీ పేట్, ఇంప్రెషన్స్ రోజుల నుంచీ మేఫీల్డ్‌తో పనిచేసినవాడు. జాజ్ నుంచి వచ్చాడు. వయొలిన్లు, హార్ప్, బాకాలు తాళం మీద కూర్చోకుండా పక్కనుంచి వచ్చి వెళ్తాయి.

మంచి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఒకసారి గిబ్సన్ కాంగాలు మాత్రమే పట్టుకుని మొత్తం వినండి. డ్రమ్స్ వదిలేసిన ఖాళీల్లోనే అతను ఎక్కువగా మాట్లాడతాడు.

సామాజిక స్పృహ ఉన్న ఆల్బమ్ అంటే ఉపన్యాసాలు దంచుతాడా?

‘నో థింగ్ ఆన్ మి’ వదిలేస్తే లేదు. ఇతను సమస్య గురించి పాడడు, మనిషి గురించి పాడతాడు. ఫ్రెడ్డీ, ఎడ్డీ, ఆ పిల్లవాడు, అమ్మేవాడు.

అతని స్పృహ పాటల్లోనే లేదన్నది చాలామంది చెప్పరు. ఆ కాలంలో నల్లజాతి గాయకుల పాటల హక్కులు కంపెనీలు తినేసేవి. మేఫీల్డ్ ఇంకా కుర్రాడిగా ఉండగానే తన పాటల ప్రచురణ హక్కులు తన దగ్గర పెట్టుకోవడం మొదలుపెట్టాడు. 1968లో ఎడ్డీ థామస్‌తో కలిసి కర్టమ్ రికార్డ్స్ అనే సొంత కంపెనీ పెట్టాడు, ‘సూపర్ ఫ్లై’ దాని మీదే వచ్చింది. కాబట్టి ఆ నాలుగు వారాల నంబర్ వన్ డబ్బులో మంచి వాటా పాట రాసినవాడి వైపుకే వెళ్లింది. ఆ రోజుల్లో అది మామూలు విషయం కాదు.

తర్వాతి తరాల మీద దీని ప్రభావం?

హిప్‌హాప్ వాళ్లు దీన్ని పిండుకున్నారు. 1988లో ఐస్‌ టి ‘పుషర్‌మాన్’ తీసుకుని, నేను అమ్మే మత్తు సంగీతమే అంటూ తిప్పి రాశాడు. మరుసటి ఏడాది బీస్టీ బాయ్స్ టైటిల్ పాట బేస్‌ని వాడుకున్నారు. 2018లో సినిమాని మళ్లీ తీశారు. 2019లో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఈ ఆల్బమ్‌ని జాతీయ రికార్డింగుల పట్టికలో చేర్చింది.

మేఫీల్డ్ ఇప్పుడు ఉన్నాడా?

లేడు. 1990 ఆగస్టు 13న న్యూయార్క్ బ్రూక్లిన్‌లో ఆరుబయట కచేరీకి వేదిక ఎక్కుతుంటే గాలికి లైట్ల స్టాండ్ మీద పడి మెడ నుంచి కిందకి చచ్చుబడింది. గిటార్ మళ్లీ పట్టుకోలేకపోయాడు. అయినా 1996లో ‘న్యూ వరల్డ్ ఆర్డర్’ ఆల్బమ్ చేశాడు. ఊపిరి అందేందుకు వెల్లకిలా పడుకుని ఒక్కో చరణం కాదు, ఒక్కో పాదం చొప్పున పాడుతూ రికార్డ్ చేయించాడు. 1999 డిసెంబర్ 26న కన్నుమూశాడు. రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో అతని పేరు రెండుసార్లు ఉంది: 1991లో ఇంప్రెషన్స్‌తో, 1999లో విడిగా.

ఇంగ్లీష్ పాటల మాటలు సరిగ్గా అందవు. ఏం చేయాలి?

టెన్షన్ పడకండి, అక్కడి యాస చాలామంది అమెరికన్లకే ఒక్కసారికి అందదు. మొదటిసారి మాటలు వదిలేసి వినండి. రెండోసారి లిరిక్స్ ముందు పెట్టుకుని ‘ఫ్రెడ్డీస్ డెడ్’, ‘పుషర్‌మాన్’ మాత్రం వినండి. మిగతావి వాటంతటవే దారికొస్తాయి.

పిల్లల ముందు వేయొచ్చా?

బూతులు దాదాపు లేవు, కానీ ‘పుషర్‌మాన్’లో ఒకటి రెండు మాటలు ఇంట్లో వినదగ్గవి కావు. కారులో వేస్తే అది దాటేయండి.

ఇది నచ్చితే తర్వాత ఏం వినాలి?

మేఫీల్డ్‌దే 1970 నాటి ‘కర్టిస్’. తన మొదటి సోలో ఆల్బమ్, ‘మూవ్ ఆన్ అప్’ ఉన్నది అందులోనే. 1971లో మార్విన్ గే తెచ్చిన ‘వాట్స్ గోయింగ్ ఆన్’ కూడా వినాలి, అందులో వియత్నాం యుద్ధం నుంచి ఇంటికొచ్చిన సైనికుడి కళ్లతో దేశం కనిపిస్తుంది. మేఫీల్డ్ 1975లో చేసిన ‘దేర్స్ నో ప్లేస్ లైక్ అమెరికా టుడే’ మాత్రం చివరికి ఉంచుకోండి. దాంట్లో డాన్స్ తక్కువ, చీకటి ఎక్కువ, అట్ట మీద బొమ్మలో రేషన్ కోసం వరసలో నిలబడ్డ నల్లవాళ్ల వెనక కారులో నవ్వుతూ వెళ్లే తెల్ల కుటుంబం ఉంటుంది.

సినిమా కూడా చూడాలా?

ఒకసారి చూడండి, ఆల్బమ్ బాగా అలవాటయ్యాక. ముందే చూస్తే ప్రీస్ట్ కోటు, కారు, నడక మీ కళ్లలో నిలబడిపోయి పాటలన్నీ అతనివే అనిపిస్తాయి. పాటలు తెలిసి వెళ్తే ఫ్రెడ్డీ తెర మీదకి వచ్చిన ప్రతిసారీ మీకు అతనే కనిపిస్తాడు, ప్రీస్ట్ అతన్ని బెదిరించే సీన్ మామూలుగా దాటిపోదు.